వాపు రాని కాలు

మా ఇంట్లో గాయాన్ని చూసే పని బాపుది, అంటే మా నాన్నది. ముల్లు గుచ్చుకున్నా, కొడవలి తెగినా, బర్రె తొక్కినా ముందు ఆయన ముందర కూర్చోవాల్సిందే. కళ్లజోడు పెట్టుకుని, గాయం చుట్టూ బొటనవేలితో నొక్కి, చేతి వెనకభాగం ఆనించి వేడి చూసేవాడు. "వాపు లేదు, కాక లేదు, ఏం గాదు పో" అన్నాడంటే పసుపు పెట్టుకుని చేనుకో బడికో పోవడమే. "ఎర్రగైంది, సలుపుతుందా?" అని అడిగాడంటే మాత్రం జమ్మికుంట దవాఖానకు ప్రయాణం తప్పదు. చిన్నప్పుడు ఆ వేలు మీద నాకెంత నమ్మకమంటే, ఏం గాదు అన్నాక సగం నొప్పి అక్కడే పోయేది. ఆ వేలు ఒక్కసారే తప్పింది. అవ్వ అని పిలిచే మా అమ్మ కాలి దగ్గర తప్పింది.

నేను జువాలజీ చదువుకుని ఆసిఫాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్నయ్యాక తెలిసింది, బాపు వేలితో వెతికేది మా పుస్తకంలో ఉన్న నాలుగు గుర్తులనే అని. ఎరుపు, వేడి, వాపు, నొప్పి. పుస్తకం శోథ అంటుంది, పిల్లలు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, మా ఊళ్లో వాపు అంటే అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఏడో తరగతి దాటని మనిషికి ఇదంతా ఎవరు చెప్పారని మురిసిపోయాను. సెలవుల్లో వెళ్లి చెబితే ఆయన, "గిది సదువుకునేదానికి గన్నేండ్లు పట్టిందా నీకు?" అన్నాడు.

ఆ పాఠం నాకు చాలా ఇష్టంగా ఉండేది. చర్మం కింద కొన్ని కణాలు కాపలా ఉంటాయి. వాటికి లోపలికి వచ్చిన క్రిమి పేరు తెలియదు, దాన్ని ఎప్పుడూ చూసి ఉండవు. కానీ క్రిమి పైపొర మీద కొన్ని పదార్థాలుంటాయి, అవి మన ఒంట్లో ఎక్కడా ఉండవు. కాపలా కణాల మీదున్న గ్రాహకాలు వాటిని తాకగానే ఇది మనది కాదని పసిగడతాయి. మన కణాలే చిరిగిపోయి, లోపల ఉండాల్సిన సరుకు బయటికి కారినా పసిగడతాయి. వెంటనే కొన్ని రసాయనాలు వదులుతాయి. దగ్గరి రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపు, వేడి. నాళాల గోడలు సడలి నీరు ఊరుతుంది, అందుకే వాపు. నరాలు రేగుతాయి, అందుకే నొప్పి. ఆ సడలిన గోడల సందుల్లోంచి తెల్ల రక్తకణాలు దూరి బయటికొచ్చి క్రిములను మింగుతాయి.

ఆసిఫాబాద్ పిల్లలకు దీన్ని అడవి పందుల కావలితో చెప్పేదాన్ని. చేను దగ్గర మంచె మీదున్న మనిషికి ఏ పందో, ఎన్ని పందులో అక్కర్లేదు. ఆకు అలికిడి వినిపిస్తే చాలు, డబ్బా కొడతాడు, చుట్టుపక్కల చేన్లలో వాళ్లు కట్టెలు పట్టుకుని ఉరికొస్తారు. పిల్లలకు ఇట్టే అర్థమయ్యేది. "వాపు రోగం కాదు. మీ ఒళ్లు మీ కోసం కొట్లాడుతున్న గుర్తు" అని ముగించేదాన్ని. డబ్బా చప్పుడు వినబడకపోతే పంది రానట్టేనా అని ఏ పిల్లా అడగలేదు. నాకూ తోచలేదు.

అవ్వ మోకాళ్ల సంగతి చెప్పాలి. మాకున్న కొంచెం భూమిలో పత్తే వేసేవాళ్లు. మా చేను అయిపోగానే అవ్వ, ఆమె చెల్లెలు మా చిన్నమ్మ, ఊళ్లోని ఇంకొందరు ఆడవాళ్లు గుంపు కట్టి ఇతరుల చేన్లలో పత్తి ఏరడానికి పోయేవాళ్లు. పొద్దంతా నడుము వంచి, ఒడిలో పత్తి నింపుకుంటూ నడవడమే. ఏండ్ల తరబడి అట్లా నడిచి నడిచి అవ్వ మోకాళ్లు అరిగిపోయాయి. లేవాలంటే గోడ, కూర్చోవాలంటే గోడ. "నేను సంపాదిస్తున్న కదా, నువ్వు పోకు" అని మొత్తుకున్నాను. "ఇంట్ల కూసుంటే ఒళ్లు పట్టుకపోతది బిడ్డా" అనేది. మా అవ్వతో వాదించి గెలిచిన మనిషి మా వంశంలో లేడు.

మాది మిషన్ కాలం నాటి చర్చి. రెండేళ్ల కింద, పత్తి తీత మొదట్లో, ఆడవాళ్లంతా అవ్వ కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆమె మోకాళ్ల మీద చేతులుంచి ఏడ్చి ప్రార్థించారు. ఆ తర్వాత వచ్చిన ఆదివారమే కోత పండుగ. కొత్త పత్తి, మొక్కజొన్న కంకులు, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి పీఠం ముందర పెట్టారు. నేనూ ఆ పండుగకు వెళ్లాను. అవ్వ సాక్ష్యం చెప్పడానికి లేచింది. "నా మోకాళ్లను ప్రభువు ముట్టిండు" అని, అందరి ముందర ఏ ఆసరా లేకుండా చాప మీద కూర్చుని, మళ్లీ లేచి నిలబడింది. చర్చి అంతా చప్పట్లు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సైన్సు చదివినదాన్ని, అయినా తిరిగాయి. అవ్వ నొప్పి లేకుండా నిలబడటం చూసి ఎన్నేళ్లయిందో.

ఆ రోజు నుంచి అవ్వ మా చర్చికి ఒక రుజువయింది. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చి ఆమెను చూసి పోయేవాళ్లు. పాస్టర్ అయ్యగారు ఎక్కడ ప్రసంగం చేసినా అవ్వ మోకాళ్లు అందులో ఉండేవి. ఆమె ముఖం కూడా మారింది. ఎముకలు కనబడే ముఖం నిండుకుని, బుగ్గలు గుండ్రంగా తేలి నిగనిగలాడేవి. "దేవుని కళ అచ్చింది" అనేవాళ్లు చర్చి ఆడవాళ్లు. నేను ఎగతాళి చేసేదాన్ని, "ఏం తింటున్నవ్ అవ్వా, నాకు పెట్టకుండ?" అని. "మనసు నిమ్మలమైతే ముఖం నిండదా?" అని నవ్వేది. ముఖం నిండింది కానీ చేతులు సన్నబడ్డాయి. ముంజేతుల మీద చిన్న దెబ్బకే నల్లగా కమిలేది. కొంగు కప్పుకునేది కాబట్టి నేను దాన్ని అంతగా పట్టించుకోలేదు.

కిందటి ఏడాది క్రిస్మస్‌కు ముందు ఒక శనివారం నేను రైలు దిగి ఇంటికి వెళ్లేసరికి అవ్వ వాకిట్లో కూర్చుని పత్తిలో ఆకు చెత్త ఏరుతోంది. కాలు కొంచెం చాపుకుని ఉంది. ఏమైందంటే, చేనులో పాత పత్తి మోడు చెప్పును చీల్చుకుని అరికాలిలో దిగిందట. అది జరిగి వారం దాటింది. "బాపు సూసిండు, ఏం లేదన్నడు. సూది గూడ ఏయించుకున్న. నువ్వు ఫికర్ చేయకు" అన్నది.

నేనూ చూశాను. అరికాలి గుంటలో జొన్నగింజంత రంధ్రం, అంచులు నల్లగా ఎండి ఉన్నాయి. మూసుకోలేదు, అట్లని వాచనూ లేదు. చుట్టూ నొక్కాను. మెత్తగా, చల్లగా ఉంది.

"నొప్పి ఉందా?"

"జర గుంజుతది, గంతే."

ఎరుపు లేదు, వేడి లేదు, వాపు లేదు, నొప్పి కూడా లేనట్టే. బాపు వేలు, నా పుస్తకం ఒకే మాట చెప్పాయి. మా ఇద్దరికీ అంత పొత్తు ఎప్పుడూ కుదరలేదు. అవ్వ అయితే ఆ కాలును కూడా దేవుని ఖాతాలోనే వేసింది. "సూసినవా, మోకాళ్లను కాపాడినోడు పాదాన్ని ఇడిచిపెడ్తడా" అన్నది. సోమవారం పొద్దున ఆమె కట్టిచ్చిన జొన్నరొట్టెల మూటతో నేను మళ్లీ ఆసిఫాబాద్ బయలుదేరాను.

ఆ వారం మధ్యలో నేను క్లాసులో ఉండగా బాపు ఫోన్ చేశాడు. "అవ్వ లేస్తలేదు బిడ్డా. ఏమన్నంటే ఊఁ అంటుంది. జరం లేదు, ఒళ్లు సల్లగున్నది. కరీంనగర్ తోల్కపోతున్నం." ఆయన గొంతులో అంత పరేషాన్ నేనెన్నడూ వినలేదు. బోర్డు మీద రాసింది అట్లాగే వదిలేసి దొరికిన బండి ఎక్కాను.

నేను చేరేసరికి అవ్వకు సెలైన్లు ఎక్కుతున్నాయి. బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చిన్నమ్మ మంచం కాళ్ల దగ్గర కూర్చుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. డాక్టరమ్మ నాకంటే చిన్నది. నన్ను పక్కకు పిలిచి ఒక్కొక్కటే అడిగింది. షుగర్ ఉందా? లేదు. ఇంతకుముందు పెద్ద జబ్బులేమైనా? లేవు. కీళ్ల నొప్పులకు గోళీలు, ఇంజెక్షన్లు ఏమైనా వాడిందా?

"లేదు మేడమ్. మోకాళ్ల నొప్పులుండె. ప్రార్థనతోని తగ్గినయి."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కోపం వచ్చేది. అవ్వ దగ్గరికి వెళ్లి వంగి అదే మాట మళ్లీ అడిగింది. అవ్వ కళ్లు సగం తెరిచి అడ్డంగా తలూపింది. నేను నా కళ్లతో చూశాను, స్పష్టంగా ఊపింది.

కాలు కోసి చూశారు. లోపల మడమ దాకా చీము, చచ్చిన కండ. పైన ఏమీ లేదు. "ఇంత చీమున్న కాలు దుంగలెక్క వాయాలె. ఎందుకు వాయలే?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది. మంచి మందులు పెట్టారు, సెలైన్లు పెట్టారు, బీపీ మాత్రం లేవలేదు. ఆమె మళ్లీ బయటికి వచ్చింది. "దాచకండి. స్టెరాయిడ్ గోళీలు వాడిందా? తెలిస్తే నేను ఇప్పుడే చేయగలిగేది ఒకటుంది."

నాకు ఒళ్లు మండింది. అడిగిందే అడుగుతుందేమిటి, మా మాటంటే లెక్క లేదా అనుకున్నాను. "మా అవ్వ అబద్ధమాడదు మేడమ్" అన్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే చిన్నమ్మ ప్రార్థన ఆగిపోయింది. బాపు ఆమె వైపు చూశాడు. ఆమె తన నడుములో దోపుకున్న అవ్వ వక్కల తిత్తి తీసింది. మంచాన పడేటప్పుడు, ఇంకా మాట ఉండగానే అవ్వే ఇచ్చి దాచమన్నదట. తిత్తి విప్పి అరచేతిలో కుమ్మరించింది. వక్కలు, సున్నం డబ్బీ, వాటి మధ్యలో చిన్న చిన్న తెల్ల గోళీల అట్ట.

"అక్క చెప్పొద్దన్నది" అని ఏడ్చింది చిన్నమ్మ.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగలేదు. లోపలికి ఉరికింది. ఆ గోళీలో ఉండే మందునే సూదిలో ఎక్కించింది.

చిన్నమ్మ చెప్పిన సంగతి ఇది. పత్తి ఏరే గుంపులో ఆడవాళ్లందరికీ ఆ గోళీలు తెలుసు. మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చాడు. తర్వాత ఆయన అవసరం కూడా లేకపోయింది, జమ్మికుంట పోయినవాళ్లు మెడికల్ షాపులో అందరికీ కలిపి తెచ్చేవాళ్లు. చేను గట్టు మీద చాయ్ తాగేటప్పుడు అట్ట చేతులు మారేది. గోళీ పడితే నడుము వంగుతుంది, మోకాలు మడతపడుతుంది. ఉపవాస ప్రార్థన పెట్టిన వారమే అవ్వ కూడా మొదలుపెట్టింది. నొప్పి పోయింది. ప్రార్థనకు పోయిందా, గోళీకి పోయిందా అని ఆమె తర్కించుకోలేదు. గోళీ కూడా దేవుడిచ్చిందే కదా అనుకుంది. సాక్ష్యంలో గోళీ మాట ఒక్కటి వదిలేసింది. అందరూ వచ్చి మోకాళ్లు చూసిపోవడం మొదలయ్యాక ఆ మాట చెప్పడానికి దారి లేకుండా పోయింది.

నిండు ముఖం, కమిలిన చేతులు, చల్లటి కాలు, అన్నీ అప్పుడు నా కళ్ల ముందరికి వచ్చి నిలబడ్డాయి. నేను చెప్పే పాఠంలో ఆ స్టెరాయిడ్ మందు గురించి ఒక వాక్యం ఉంది. మన ఒంట్లో మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు తయారుచేసే రసాయనానికి అది నకలు. కాపలా కణాలు వదిలే కబురును అది అణిచేస్తుంది. నాళాలు సడలవు. తెల్ల కణాలు చేరాల్సిన చోటికి చేరవు. మోకాలి నొప్పి పోవడానికీ అదే కారణం, అరికాలు వాయకపోవడానికీ అదే కారణం. రోజూ బయటి నుంచి సరుకు వస్తుంటే ఆ గ్రంథులు పని మానేసి పడుకుంటాయి. మంచాన పడ్డాక అవ్వకు గోళీ వేసేవాళ్లు లేరు, లోపలి సరుకూ లేదు. అందుకే బీపీ లేవలేదు. కావలివాడికి కల్లు పోసి పడుకోబెట్టి, చప్పుడు లేదు కాబట్టి చేను భద్రమని అందరం అనుకున్నాం. నేను కూడా నొక్కి చూసి మరీ అనుకున్నాను.

సూది పడ్డాక అవ్వకు తెలివి వచ్చింది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుంటే కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"తిన్నవా?" అన్నది.

"తిన్న. ఎందుకు దాచినవ్ అవ్వా?"

"సాక్ష్యం చెప్పిన కదా బిడ్డా. మల్ల గోళీలంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు గాదా?" అన్నది. నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చర్చిల చెప్పకు."

నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. అంత కోపంలోనే ఆమె చెయ్యి నిమిరాను. "నువ్వు పడుకో అవ్వా" అన్నాను తప్ప చెప్పనని మాటివ్వలేదు. ఆమె మాత్రం ఇచ్చాననే అనుకుంది. కళ్లు మూసుకుంది. అప్పటికే విషం రక్తంలోకి పాకింది. మర్నాటికి కిడ్నీలు ఆగిపోయాయి, ఆ తర్వాత అవ్వ ఆగిపోయింది. సమాధుల తోటలో మా తాత పక్కన పెట్టాం. మట్టి వేస్తున్నప్పుడు బాపు తన చెయ్యి తాను చూసుకుంటూ నిలబడ్డాడు. ఎవరో పారను ఆయన చేతుల్లో పెట్టాల్సి వచ్చింది.

పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక చర్చిలో పెట్టారు. అయ్యగారు మంచి మనిషి, ఆయన కంట్లో నిజంగానే నీళ్లున్నాయి. "మన అక్క మోకాళ్లను ముట్టిన దేవుడు ఈ రోజు ఆమెను తన దగ్గరికి పిలుచుకున్నడు" అన్నాడు. నేను ఆడవాళ్లు కూర్చున్న చాపల వైపు చూశాను. చిన్నప్పటి నుంచి ఎరిగిన ముఖాలు. ఎండకు కాగి, దవడలు లోపలికి పోయి, నాకు బాగా గుర్తున్న ముఖాలు. ఇప్పుడు వాటిలో చాలావరకు గుండ్రంగా నిండి నిగనిగలాడుతున్నాయి.

కుటుంబం తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. బాపు లేవలేదు. నేను లేచాను.

"మా అవ్వ మోకాళ్లు తెల్ల గోళీలతోని తగ్గినయి. నొప్పితోపాటు గాయం తెలిపే గుణం గూడ పోయింది. అందుకే కాలు కుళ్లినా మాకు తెల్వలే. మీలో ఎవరెవరు ఏస్కుంటున్నరో నాకు చెప్పాల్సిన పని లేదు. గని ఒక్కపాలి బంద్ చేయకండి, పాణం పోతది. డాక్టర్‌కు చెప్పి మెల్లగ తగ్గించుకోండి. ఒంట్ల బాగలేక ఏ దవాఖానకు పోయినా ముందుగాల గీ మాట చెప్పండి." అని చెప్పి కూర్చున్నాను.

అయ్యగారు తల వంచుకున్నాడు. వెంటనే పాట అందుకోలేదు. వెనక నుంచి ఒకావిడ, "సచ్చినామె పరువు తీసినవ్ గద బిడ్డా" అన్నది. ఇంకొకామె నెమ్మదిగా, "గోళీ ఏస్కోకుంటే పత్తి ఎవలేరుతరు?" అన్నది. అది నన్ను తిట్టడానికి అనలేదు, నిజంగానే అడిగింది. బాపు నా వైపు చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

భోజనాల దగ్గర ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. చెయ్యి కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళితే చిన్నమ్మ వెనకాలే వచ్చింది. గోళీలు తానెప్పుడో బంద్ చేశానని ఆసుపత్రిలో నాతో చెప్పిన మనిషి. అటూ ఇటూ చూసి, కొంగు కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. చూపుడువేలు గోరు కింద పత్తికాయ మొన గుచ్చుకుని ఎప్పుడో విరిగిపోయింది. గోరు నల్లబడింది. వేలి కొస మాడిన మిరపకాయ రంగులో ఉంది.

"గిది సూడు బిడ్డా. ఏం వాపు లేదు. నొప్పి గూడ లేదు" అన్నది.

చెట్టు కింద ఒక్కడే కూర్చున్న బాపు మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. అలవాటుగా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. చిన్నమ్మ వేలు పట్టుకుని తన బొటనవేలు ఎత్తాడు. నొక్కలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, "కారు పిలువు" అన్నాడు నాతో. కూడిక అయ్యాక ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

అదే ఆసుపత్రి, అదే డాక్టరమ్మ. నన్ను చూసి గుర్తుపట్టింది. ఆమె ఇంకా కుర్చీలో కూర్చోకముందే చిన్నమ్మ నడుములోంచి వక్కల తిత్తి తీసి బల్ల మీద పెట్టింది. అది అవ్వ తిత్తి.

"నేను గివి ఏస్కుంటున్న అమ్మా" అన్నది, ఎవరూ అడగకముందే.